క్రీడాభిరామముతో ఓరుగల్లు యాత్ర : కోట, వేల్పులు, పూటకూడు

తెలుగు కావ్యములలో చేతబట్టుకొని ఒక నగరమును చుట్టివచ్చుటకు పనికివచ్చునది క్రీడాభిరామము. గోవింద మంచనశర్మ యను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి యను వైశ్యుడును ఓరుగల్లున ఒక దినమెల్ల వీథి వీథి తిరుగుదురు. వారు చూచినదే కథ. వారు మాటలాడుకొన్నదే నాటకము. ఆలంకారికులు చెప్పిన దశరూపకములలో వీథి యొకటి. ఒక్క అంకము, ఒకరిద్దరు పాత్రలు, కంటికి కానరాని వారితో ఆకాశభాషితములు దాని లక్షణములు. ఈ చిన్న చట్రములో మన కవి ఒక మహానగరమును బిగించినాడు. గుడులు, వేల్పులు, పాటకత్తెలు, పొట్టేళ్ల పందెములు, కోడిపందెములు, మాచల్దేవి చిత్రశాల, పూటకూళ్లయిల్లు, అన్నియు నందు కలవు.

ఇట్టి గ్రంథము సాంఘికచరిత్ర వ్రాయువారికి పెన్నిధి యగుటలో వింత లేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో దీనిని విరివిగా వాడుకొనిరి. 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము తెచ్చినది ఆ పుస్తకమే. ఆ తరువాత మన విశ్వవిద్యాలయములలో కాకతీయుల కాలపు జనజీవనమును గూర్చి వెలువడిన వ్యాసములలో క్రీడాభిరామమును ఉదాహరింపనివి అరుదు. "కాకతీయుల కాలమున ఒక రూకకు కడుపునిండ భోజనము దొరికెడిది" అని వ్రాసి ఒక పద్యమును దాని క్రింద ఉదాహరించుట పరిపాటి యైనది. ఒకప్పుడు మేమును అట్లు వ్రాసినవారమే.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. ఓరుగల్లు ఢిల్లీ సేనలకు చిక్కినది 1323లో. ప్రతాపరుద్రుడు బందీయై ఉత్తరమునకు పోవుచు నర్మదాతీరమున ప్రాణములు విడిచెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. క్రీడాభిరామము పుట్టినది 15వ శతాబ్ది పూర్వార్ధమున. అనగా ఆ నగరము కూలిన సుమారు నూఱేండ్లకు. దీనికి మూలము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము. త్రిపురాంతకుడు కాకతీయుల కాలమువాడని పండితుల తలంపు. ఆ మూలము నేడు లభించుట లేదు. కావున క్రీడాభిరామములోని యే వర్ణనము మూలమునుండి వచ్చినదో, ఏది తెలుగుకవి తన కాలమునుండి కూర్చినదో విడదీసి చెప్పుటకు గ్రంథమునందు ఆధారము లేదు. వినుకొండ వల్లభరాయడు కర్తయా, శ్రీనాథుడు కర్తయా యను వాదము వేఱొకటి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శ్రీనాథుని పక్షము వహించిరి. వల్లభరాయని పక్షము వహించినవారును తక్కువవారు కారు. ఆ వాదమిచ్చట మాకు పనిలేదు. కర్త ఎవరైనను ఈ చిక్కు చిక్కుగనే యుండును.

గ్రంథమున తేలనిది స్థలమున కొంత తేలునేమో యని, ఇరువురు పరిశోధక విద్యార్థులను వెంటబెట్టుకొని, సంక్రాంతి దినములలో మేము ఓరుగల్లు పోయితిమి. ఆ దినములనే ఎంచుకొనుటకు కారణము కలదు. మంచనశర్మ చూచిన వేల్పులలో నొకడైన మైలారుదేవునికి ఓరుగల్లు చెంతనే యున్న ఐనవోలున భోగినాడు జాతర ప్రారంభమగును. వర్ణనమును వర్ణితమును ఒకేమాఱు చూడవచ్చునని మా యాశ.

మొదట కోటకు పోయితిమి. గణపతిదేవుడు కట్టింప మొదలిడి, రుద్రమదేవి పూర్తి చేసిన కోట యిది. లోపల రాతిగోడ, దాని వెలుపల మట్టిగోడ. 1310లో మాలిక్ కాఫూరు ముట్టడిని వర్ణించుచు అమీర్ ఖుస్రో ఈ మట్టిగోడ గట్టితనమును మెచ్చుకొనినాడు. యంత్రములు విసరిన రాళ్లు దానికి తగిలి వెనుకకు ఎగిరిపడెనట. ఇప్పుడా కట్టపై పొదలు మొలచినవి. నడుమ స్వయంభూదేవాలయపు శిథిలములు. వానికి నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములు. గుడి నేలమట్టమైనది, తోరణములు మాత్రము చెక్కు చెదరలేదు. గుడిని కూల్చినవారు తోరణములను బుద్ధిపూర్వకముగనే నిలువనిచ్చిరని ఫిలిప్ వాగనర్ మొదలగు చరిత్రకారుల యభిప్రాయము. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము తన చిహ్నమునకు ఈ తోరణమునే చార్మినారుతో జతగా గైకొన్నది.

తోరణము క్రింద కూర్చుండి పుస్తకము తెఱచితిమి. ఏనుగులతో, గుఱ్ఱములతో, బండ్లతో, భటులతో క్రిక్కిఱిసిన రాజమార్గము అందు కలదు. మోహరివాడ కలదు, మైలసంత కలదు. మా యెదుట తోరణముల నడుమ పచ్చికబయలును, విఱిగిన నందులును, వరుసగా పేర్చిన రాతితునుకలును ఉన్నవి. మా విద్యార్థులలో నొకరు పటము గీసి, పద్యముల వరుసను బట్టి వాడలను అందు గుర్తింప ప్రయత్నించిరి. గంటసేపటికి ఆ కాగితమును మడిచి సంచిలో పెట్టుకొనిరి. అది సాధ్యము కాదు. కవి దిక్కులు చెప్పడు, దూరములు చెప్పడు. ఆయనకు ఊరు పటము కాదు, సమ్మర్దము. కోట విషయమున గ్రంథముకంటె శిథిలములే ఎక్కువ మాటలాడుచున్నవి. కట్టడముల చరిత్రకు క్రీడాభిరామమును సాక్ష్యమునకు పిలుచుట వలన ప్రయోజనము స్వల్పమని మాకచ్చటనే తోచినది.

వేల్పుల సంగతి యట్లు కాదు.

మంచనశర్మయు, సెట్టియు దర్శించిన దేవతలలో ఏకవీర ముఖ్యురాలు. గ్రంథమున ఆమె కాకతమ్మకు తోడబుట్టువు. మాహురమ్మ యనియు ఆమెకు పేరు. మాహూరు మహారాష్ట్రమున నాందేడు మండలమునందలి రేణుకాక్షేత్రము. ఆమె యెదుట నిలిచి బవనీల గాయకుడొకడు పరశురాముని కథలు పాడును. రేణుక కొడుకు పరశురాముడు. కావున ఏకవీర, రేణుక, మాహురమ్మ యను మూడు పేళ్లును ఒక్క తల్లివే యని కవి ఎఱిగియే వ్రాసినాడు. కాకతమ్మ సంగతి మఱియును విలువైనది. కాకతీయ వంశనామమునకు మూలము కాకతి యను దేవత యనియు, ఆమె దుర్గాశక్తి యనియు, ఏకశిలానగరాధీశులకు కులదేవత యనియు, విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు రత్నాపణవ్యాఖ్య వ్రాసిన కుమారస్వామి సోమపీథి చెప్పినాడు. వ్యాఖ్యాత ఒక త్రోవను, నాటకకర్త మఱియొక త్రోవను వచ్చి ఒక్క గుడి ముంగిట కలిసికొనిరి. సాక్ష్యములు రెండు చేరినచోట మనము కొంచెము ధైర్యము వహింపవచ్చును.

ఓరుగల్లునకు చేరువనున్న మొగిలిచెర్లలో ఏకవీర గుడి కలదు. కాకతీయ కాలపు రాతికట్టడము. కోటనుండి మేమచ్చటికి పోవునప్పటికి మధ్యాహ్నము దాటినది. గుడిదగ్గఱ ఒక వృద్ధురాలు పసుపుకుంకుమలతో కూర్చుండియున్నది. ఏకవీరాదేవి గుడి యిదియేనా యని అడిగితిమి. ఆమె మా చేతిలోని పుస్తకమువంక చూచి, "మీ పుస్తకంల ఏమున్నదో మాకెర్కలేదు సారూ. మాకైతే ఎల్లమ్మ. మా అత్త ఎల్లమ్మ అనే మొక్కింది, నేను గూడ ఎల్లమ్మ అనే మొక్కుతున్న" అన్నది. మేము రేణుక కథ ఎత్తితిమి. తల నఱుకుట, మరల అతుకుట, పరశురాముడు: కథనంతయు ఆమెయే పూర్తిచేసినది. మేము మఱచిన ఘట్టమొకటి గుర్తుచేసినది కూడ. పేరు మాఱినది, కథ మాఱలేదు.

కథ చెప్పు కులమును మాఱలేదు. క్రీడాభిరామపు బవనీలే తెలంగాణమున నేటి బైండ్లవారు. వారి చేతిలోని జమిడిక గ్రంథములోని జవనికయే. బిగించిన తీగను లాగి వదలినప్పుడు ఆ వాద్యము పలుకు ధ్వని వినినవారికి మఱపురాదు. ఎల్లమ్మకథ చెప్పుట, ఆమె పట్నములు వేయుట నేటికిని బైండ్లవారి హక్కు. ఆఱువందల యేండ్లకు పైగా ఒక దేవత, ఒక కథ, ఒక కులము, ఒక వాద్యము విడిపోక కలిసియుండుట సామాన్యమైన విషయము కాదు. శాసనము కంటె గట్టిదైన సాక్ష్యమని దీనిని మేము భావింతుము. శాసనమును పగులగొట్టవచ్చును, ఇట్టి నాలుగు ముళ్లను ఒక్కసారిగా విప్పుట కష్టము.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలసియున్నది. ఎల్లమ్మ గౌడులకును ఇలవేల్పు. ఆమెకు కల్లుసాక పోయుట ఆచారము. ఆనాడు మ్రొక్కు చెల్లింపవచ్చిన యొక కుటుంబమువారు సాకపోసి, మిగిలిన ఈతకల్లును మాకును రేకలలో పోయబోయిరి. మేమిరువైపుల చూచి, ఉపాధ్యాయులమని చెప్పి తప్పించుకొంటిమి. "తల్లి సాక వద్దనొద్దు సారూ" అని వారిలో పెద్దాయన నొచ్చుకొనెను. మా విద్యార్థులలో నొకరు మా మొగము చూడకుండ రేకనందుకొనిరి. మంచనశర్మ ఆ చోట ఉన్నచో ఏమి చేసియుండెడివాడో చెప్పనక్కఱలేదు. ఆయన లజ్జాళువు కాడు.

1323 తరువాత ఓరుగల్లు దేవతలు పరువు కోల్పోయి గ్రామములలో తలదాచుకొనిరని తలంచుట కూడ సరికాదు. ఓరుగల్లు నేలిన చితాపుఖానునకు సీతాపతి యనియు పేరు కలదు. ఆయన 1504 నాటి శాసనము దీనికి సాక్షి. కాకతిరాజ్య పీఠలక్ష్మి యైన జగన్మాతృక విగ్రహమును తురుష్కులు తొలగించియుండగా తాను మరల ప్రతిష్ఠించితినని అందు చెప్పించుకొనినాడు. నగరము పడిపోయిన నూట యెనుబది యేండ్లకు కూడ ఓరుగల్లును ఏలదలచినవాడు మొదట ఆ తల్లిని లేవనెత్తవలసి వచ్చినది. క్రీడాభిరామము పుట్టినది ఈ రెండు తేదీల నడుమ. కవి కాలమున కాకతమ్మ పాతకాలపు జ్ఞాపకము మాత్రమే యని చెప్పుటకు వీలులేదు.

మఱునాడు భోగి. తెల్లవాఱకముందే బయలుదేఱి ఐనవోలు చేరితిమి. కాకతీయుల మంత్రియగు అయ్యనదేవుడు కట్టించిన గుడి యనియు, ఆయన పేరనే ఊరునకు అయ్యనవోలను పేరు వచ్చినదనియు చెప్పుదురు. జనుల నోట ఐలోని. గుడి ముందఱను ఓరుగల్లు తోరణముల వంటి తోరణములు కలవు. లోపల మల్లన్న పెద్దకన్నులతో, మీసములతో, ఖడ్గము, త్రిశూలము, డమరువు, పానపాత్ర పట్టి కూర్చున్నాడు. ప్రక్కల బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. నెత్తిన బోనములెత్తి వచ్చు స్త్రీలు, పసుపు బండారి పూసికొన్న మొగములు, ఒగ్గువారి డోళ్లు. ఒగ్గు అనగా డమరుకము. ఒగ్గు పూజారులు నేలమీద పంచరంగుల పొడులతో పట్నము వేసి, మల్లన్న పెండ్లికథ చెప్పుచు, తుదకు ఆ పట్నమును కాళ్లతో త్రొక్కి చెఱిపివేయుదురు. అంత శ్రమపడి వేసిన చిత్రము గంటలో చెడుట చూచి మా విద్యార్థులు నొచ్చుకొనిరి. అది చెఱుగుటకే వేయబడినది. దానిని త్రొక్కినగాని పూజ ముగియదు.

ఈ దేవునికి ఇరువురు భార్యలుండుట విచారింపదగినది. ఒకరు వర్తకకులపు ఆడుబిడ్డ, రెండవవారు గొఱ్ఱెలకాపరుల ఆడుబిడ్డ. మహారాష్ట్రమున జేజూరి ఖండోబాకును ఇట్లే ఇద్దఱు: లింగాయతు వర్తకుల బిడ్డ మ్హాళసా, ధనగరుల బిడ్డ బాణాయి. కర్ణాటకమున తుంగభద్రా తీరపు మైలారలింగనికి గొరవలు భక్తులు. ఈ మూడు నాడుల వేల్పు ఒక్కడే యని జర్మను పండితుడు గుంథర్ సోంథైమర్ తన జీవితమున చాలభాగము వెచ్చించి నిరూపించినాడు. క్రీడాభిరామమున గొరగపడుచు వెనుకకు వంగి చూపు విన్నాణము వర్ణితమైనది. ఆ గొరగయే కన్నడపు గొరవ. మైలారుదేవుని వీరభటులు చండ్రనిప్పుల గుండము చొచ్చుట, వాడియంచులపై ఉఱుకుట, ఒడలి సందుల నారసములు గ్రుచ్చుకొనుట అందు కలవు. నారసముల సంగతి ఐనవోలున మాకు కానరాలేదు. కాని అగ్నిగుండములు త్రొక్కుట ఈ సంప్రదాయమునందే మఱియొక మహాక్షేత్రమైన కొమురవెల్లిలో నేటికిని జాతరలో భాగము. మహాశివరాత్రినాడు వేయు పెద్దపట్నమును, జాతర తుదిలో త్రొక్కు గుండములును అచ్చటి ప్రసిద్ధోత్సవములు.

అయినను ఇచ్చట మనము తొందరపడరాదు. జాతర నేడును జరుగుచున్నది కనుక కవి చూచి వ్రాసినాడనుట సరే. ఎచ్చట చూచినాడు, ఎప్పుడు చూచినాడు అనునవి వేఱు ప్రశ్నలు. మైలారుదేవుని భక్తి ఓరుగల్లునకు మాత్రమే చెందినది కాదు. కవి తన నాటి మఱియొక జాతరను చూచి ఓరుగల్లు వీథిలో నిలిపియుండవచ్చును. కావున జీవించియున్న ఆచారము వర్ణనము యొక్క జాతిని ధ్రువపఱచును గాని, దాని తేదీని ధ్రువపఱుపదు. ఈ భేదమును మన సిద్ధాంతవ్యాసములు తఱచు మఱచుచున్నవి.

వీరుల సంగతి ఈ మాటను బలపఱుచుచున్నది. మంచనశర్మయు మిత్రుడును ఓరుగల్లులోనే పలనాటి వీరుల పాట విందురు. గురిజాల గంగాంబ వారి కులదైవమని అందు చెప్పబడినది. ఓరుగల్లునకును పలనాటికిని నడుమ కృష్ణ ఉన్నది. ఆ వీరులకు కారెంపూడిలో నేటికిని కార్తికమాసమున అయిదు దినముల ఆరాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేళ్లు. అచ్చట వీరవిద్యావంతులు కథ చెప్పుదురు. యుద్ధమున చచ్చినవారు వేల్పులై ఊరు కాచుదురను నమ్మకము ఆ యుత్సవమునకు ప్రాణము. వినుకొండ పలనాటికి పొరుగు. శ్రీనాథుడును పలనాడు తిరిగినవాడే. కర్త ఇరువురిలో ఎవరైనను తన ప్రాంతపు పాటను ఓరుగల్లు వీథిలో వినిపించుట కవకాశము కలదు. కాక, పలనాటి గాయకులు రాజధానికి పోయి పాడియుండుటకును అంతే యవకాశము కలదు. రెండిటిలో దేనికిని మేము ఓటు వేయజాలము.

ఇక భోజనము. మేము మొదట తప్పు వ్రాసిన చోటు ఇదియే కనుక దీనియొద్ద కొంచెము నిలువవలసియున్నది.

ఓరుగల్లున లక్ష్మణవజ్ఝల వారిది పూటకూళ్లయిల్లు. అచ్చట ఒక రూకకు దొరకు పదార్థములను కవి ఒక్క పద్యమున వడ్డించినాడు. కప్పురభోగి వంటకము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. కప్పురభోగి యనునది సన్నబియ్యపు రకమని కొందరు పండితులు. ఈ పద్యమును చదివి నోరూరని తెలుగువాడుండడు. శ్రీనాథుని పేర చెల్లు చాటువులలో పలనాటి జొన్నకూటిని దూషించినవి ప్రసిద్ధములు. వాని ప్రక్కన ఈ పద్యము నుంచి చదివినచో, తెలుగునాట బాటసారికి కలుగు రెండు గతులును కన్నులకు కట్టును.

దీనిలో చరిత్ర ఎంత? ఓరుగల్లున ఖాన్ సాహెబు తోటలో దొరకిన శాసనమొకటి అంగడిసరకులపై వసూలు చేయు సుంకముల పట్టిక. అందు వడ్లు, గోధుమలు, జొన్నలు, పెసలు, నువ్వులు, నూనె, నెయ్యి, ఉప్పు, బెల్లము, ఆవాలు, మిరియాలు, ఉల్లి, అల్లము, పసుపు కలవు. పద్యములోని గోధుమయు, పెసరయు, నెయ్యియు అంగడిలో ఉన్నవి. ఓరుగల్లు వంటి మెట్టనాట గోధుమవంట యెట్లు వచ్చినదని సందేహించువారికి శాసనమే సమాధానము. కాని సరకు వేఱు, వంట వేఱు, వెల వేఱు. సరకును శాసనము ధ్రువపఱుచుచున్నది. వంటను పద్యము మాత్రమే చెప్పుచున్నది. రూక వెల కవి కాలపుదా, కాకతీయ కాలపుదా యనుటకు శాసనము కాని పద్యము కాని తోడ్పడదు. కనుక "కాకతీయుల కాలమున ఒక రూకకు భోజనము" అను వాక్యములో నిలువదగినది భోజనము మాత్రమే. మిగిలినది మా కలము చేసిన చొరవ.

మఱియొక సంగతి. ఈ పద్యము వడ్డించినది బ్రాహ్మణుని పూటకూటి విస్తరి. కోట కాచు భటుడు, బండి తోలు వాడు, నిప్పుగుండము త్రొక్కిన వీరభటుడు ఆ సాయంకాలమేమి తినిరో ఈ పద్యము చెప్పదు. శాసనములోని జొన్నలు పద్యములో లేవు. ఊరిలో జొన్నలు తినువారు లేకున్నచో అంగడిలో వానిపై సుంకమేల? నగరభోజనమని మనము మురియుచున్నది నగరములో ఒక వీథి భోజనమే.

భోగినాటి మధ్యాహ్నము ఐనవోలునుండి తిరిగివచ్చుచు త్రోవలో నొక చిన్న భోజనశాలలో దిగితిమి. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, ఎఱ్ఱని పచ్చడి పెట్టిరి. మాలో గోదావరి మండలపు విద్యార్థి ఒకరు మొదటి ముద్దకే కన్నీరు పెట్టుకొనిరి. ఓరుగల్లు ప్రాంతము నేడు మిరపకు పుట్టినిల్లు. లావుగా, గుండ్రముగా, ముదురెఱుపు వన్నెతో నుండు ఇచ్చటి చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఎనుమాముల విపణిలో మిరప బస్తాల వరుసలు కనుచూపుమేర నుండును. కాని ఈ మిరప మంచనశర్మ ఎఱుగనిది. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలతో 16వ శతాబ్దిలో మన తీరములు చేరినది. ఆ విస్తరిలోని నాలుగైదు నంజుళ్లకు కారమిచ్చినది మిరియమో, అల్లమో, ఆవయో కావలెను. నేడు ఓరుగల్లు రుచియని మనము దేనిని చెప్పుకొందుమో అది క్రీడాభిరామపు ఓరుగల్లులో లేనేలేదు. రాళ్లు పడిపోయినవని విచారించు మనము, నాలుక మాఱినదని గమనింపము.

దీనికి విరుద్ధముగా మఱియొకటి కనబడినది. ఆ సాయంకాలము ఓరుగల్లున మాకు తెలిసినవారింట సంక్రాంతి సకినాలు పెట్టిరి. తడిబియ్యపు పిండి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, బట్టపై వ్రేళ్లతో చుట్లు చుట్లుగా త్రిప్పి, ఆరినపిదప నూనెలో వేచిన పిండివంట. మిరప లేదు. బియ్యము, నువ్వులు, ఉప్పు, నూనె యను నాలుగును శాసనపు పట్టికలో కలవు. "అయితే సకినాలు కాకతీయులనాటివే కదా" అని ఒక విద్యార్థి ఉత్సాహపడిరి. ఆ ఇంటి గృహిణి నవ్వి, "ఏమో బాబూ, మా అమ్మమ్మనాటివి మాత్రం నిజం" అన్నది. పరిశోధకునకు ఉండవలసిన సంయమము ఆమెకు మా కంటె ఎక్కువగా నున్నది. సరకులు ఉండుట వంట ఉండుటకు ప్రమాణము కాదు. అట్లగుచో నువ్వులును నూనెయు నున్న ప్రతి శాసనమును మనము వంటపుస్తకము చేయవచ్చును.

తిరుగుప్రయాణమున మా సంభాషణము మేడారము వైపు మఱలినది. సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్లకొకమాఱు మాఘపౌర్ణమికి జరుగును. ఓరుగల్లు ప్రాంతమున దానిని మించిన వేల్పుల పండుగ లేదు. అచ్చట దేవతలకు గుడి లేదు, విగ్రహము లేదు. గద్దెలు కలవు, చిలుకలగుట్టనుండి తెచ్చు కుంకుమభరిణె కలదు. నైవేద్యము బెల్లము. దానిని అచ్చట బంగారమందురు. తమ యెత్తు బంగారము తూచి ఇచ్చు భక్తులు వేలకు వేలు. కోయల నోట చెల్లు ఆ కథలో సమ్మక్కకు శత్రువు ఓరుగల్లు ప్రతాపరుద్రుడే. కప్పము కట్టలేని అడవిపై రాజు సేనను పంపెను. సమ్మక్క గాయపడి గుట్టవైపు పోయి అదృశ్యురాలాయెను. సంపెంగవాగున దూకిన జంపన్న పేరనే ఆ వాగు నేడు జంపన్నవాగు.

క్రీడాభిరామమున ఓరుగల్లు ఏకవీర కలదు, కాకతమ్మ కలదు, మైలారుదేవుడు కలడు, కృష్ణకావలి పలనాటి వీరులును కలరు. సమ్మక్క లేదు. ఆ కథ అప్పటికి పుట్టలేదా, పుట్టియు నగరపు చెవిని పడలేదా, పడియు రాజధానిని పొగడు కవి కలమున కెక్కలేదా యని మా విద్యార్థులు బండి కాజీపేట చేరువఱకు వాదించుకొనిరి. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఆ దినమెల్ల వాడలు తిరిగినారే గాని కోట వెలుపలి అడవి వైపు ఒక్క అడుగైనను వేయలేదు.